గొంగడవ్వకు పెట్టిన పిడికెడు

మా సంఘంలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. ఎసట్లో కొర్రలు పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. అది దేవుని పిడికెడు. ఆదివారం ముంతలన్నీ గుడికి వచ్చి, బల్ల పక్కనున్న పెద్ద కుండలో ఖాళీ అయ్యేవి. ఆ గింజలతో దిక్కులేని విధవరాండ్రు నలుగురు బతికేవాళ్ళు. మిగిలింది ఉపదేశి ఇంటికి వచ్చేది. ఉపదేశి అంటే ఊరి బడిలో చదువు చెబుతూ, పాస్టరుగారు రాని ఆదివారాల్లో ఆరాధన జరిపే మనిషి. మా ఇంటాయన ఆ పని చేసేవారు. ఆ పిడికెడుతో కడుపు నింపుకున్నదాన్ని కాబట్టి దాని విలువ నాకు తెలుసు.

ఒక ఆదివారం ఆ కుండ పక్కన ఇంకొక కుండ కనిపించింది. అది గొంగడవ్వ కుండ. గొంగడవ్వ అనే మనిషి ఎక్కడా లేదు. ఆమెను కల్పించింది నేను.

ఇప్పుడు కర్నూలులో డేరా వేసి తెరమీద మాట్లాడే బొమ్మలు చూపిస్తున్నారు. మా మనవరాలు ఒకే కథను నాలుగుసార్లు చూసి వచ్చి, అందులోని పిల్లకు కష్టం వచ్చిందని అన్నం మానేసింది. వాళ్ళ నాన్న కోప్పడ్డాడు. నేను కోప్పడలేకపోయాను. లేని మనిషి కోసం నిజమైన గింజలు పక్కన పెట్టిన ఆడవాళ్ళను నేను చూశాను. అది మొదటి యుద్ధం రోజుల మాట.

అప్పట్లో మేము కుందేరుకు ఇవతల, కడప జిల్లా అంచున ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఏరు దాటితే కర్నూలు జిల్లా. ఎండాకాలం మధ్యాహ్నాలు మా గుడి గోడ నీడలో ఆడవాళ్ళు కూర్చుని, రైతుల ఇళ్ళ నుంచి మూటలు తెచ్చుకుని, పత్తిలో ఆకుచెత్త ఏరేవాళ్ళు. చేతులకు పని, చెవులు ఖాళీ. ఆ చెవుల కోసం పాస్టరుగారు నన్ను అక్కడ కూర్చోబెట్టారు. వాక్యం చదివి వివరించమన్నారు. బోర్డింగు బడిలో పెరిగినదాన్ని, అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు. మొదటి వారం చదివాను. పావుగంటలో సగం మంది కునుకు తీశారు. తెల్లారకముందే లేచి పొలం పోయి వచ్చినవాళ్ళు, వాళ్ళ తప్పేమీ లేదు.

రెండో వారం ఆ కునుకు ఆపడానికే, "మీ మాదిరి ఒక అవ్వ ఉండేది" అని మొదలుపెట్టాను. గొర్రెల కాపరి పెండ్లాం, విధవరాలు. మండుటెండలో కూడా భుజం మీది నల్ల గొంగడి దించదు. గుడికి పాట అయిపోయాక వస్తుంది, వచ్చి ముందు వరసలోనే కూర్చుంటుంది. ప్రార్థనలో దేవునితో బేరం ఆడుతుంది. పక్కింటి మిరపకాయలు కోసుకుని, ఆ పాపాన్ని కన్నీళ్ళతో ఒప్పుకుని, ఇంటికి పోయి ఆ కాయలతోనే ఊరిబిండి నూరుకుంటుంది.

ఆ మధ్యాహ్నం ఎవరూ నిద్రపోలేదు. ప్రతి వారం అవ్వను ఒక చిక్కులో పెట్టి, దాని పక్కన ఒక వాక్యం పెట్టేదాన్ని. వాక్యం ఎంత గుర్తుందో చెప్పలేను గాని అవ్వ మాత్రం ఊరంతా పాకింది. గుడికి ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు ఎత్తిపొడుపు తప్పేది కాదు.

"ఏమ్మే, గొంగడవ్వ మాదిరి ఇప్పుడా వచ్చేది?"

"ఆయమ్మకు ముందు వరసలో చోటుండాది. నాకు ఈడ గోడపక్కనన్నా ఇడవండమ్మా."

ఆ గుంపులో ఒక తల్లి ఉండేది. నాపరాళ్ళ గనిలో మొగుడు పోయినప్పటి నుంచి ఒక్క కొడుకును పెట్టుకుని బతికింది. వాడు పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కండ్లు తేలేస్తే, చచ్చేలోగా బాప్తిస్మం అయినా ఇప్పించాలని వానలో ఎత్తుకుని పాస్టరుగారి ఊరిదాకా నడిచింది. ఆయన బిడ్డ నొసటి మీద నీళ్ళు చిలకరించారు. బిడ్డ బతికాడు. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో.

మా మిషనులో చంటిబిడ్డలకు చిలకరిస్తారు. ఏటి అవతలి ఊళ్ళది ఇంకొక మిషను. వాళ్ళు ఎదిగినవాళ్ళనే తీసుకుంటారు, ఏట్లో నిలువునా ముంచుతారు. ఇద్దరికీ ఒకే ప్రభువు గాని నీళ్ళ దగ్గర మాత్రం పట్టు విడవరు. ఈ తల్లి కొడుకు అవతలి ఊరి పిల్లను చేసుకున్నాడు. పిల్ల వాళ్ళు ముంచుకుంటేనే ఇస్తామన్నారు. మునిగాడు. తల్లి వానికి చెప్పి పంపిన మాట ఒక్కటే. "ఆ పొద్దు వానలో నేను మోసింది ఉత్తదే అని ఒప్పుకుంటివి గదా. ఇంక నా గడప తొక్కద్దు."

మూడేండ్లు గడిచాయి. ఏటికి ఇవతల తల్లి, అవతల కొడుకు. గట్టు మీద నిలబడితే ఒకరి ఊరి పొగ ఒకరికి కనబడుతుంది.

ఈ సంగతి తెలిసే, కావాలనే, గొంగడవ్వకు ఒక కొడుకును కల్పించాను. వాడు అవ్వ మాట కాదని పోయాడు. అవ్వ గడప తొక్కద్దంది. అక్కడ కథ ఆపాను. ఆ రోజు నుంచి ఆ తల్లి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. మాట్లాడేది కాదు. కథలో కొడుకు పేరు వచ్చినప్పుడు పత్తి ఏరే వేళ్ళు ఆగేవి.

కథలోకి కరువు తెచ్చాను. అవ్వ గొర్రెలు చచ్చాయి. ఆకలితో పడి ఉంది గాని కొడుకును అడగదు. ఆ తరువాతి ఆదివారమే రెండో కుండ వచ్చింది. నేను గమనించేలోపే ఇంకొకరు గమనించారు. ఆ రోజు ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి పాస్టరుగారు వచ్చి ఉన్నారు. ఆరాధన అయ్యాక కుండ వైపు చూసి, "ఈ రెండోది ఎవరిది?" అన్నారు.

ఆడవాళ్ళలో అందరికంటే ముసలామె, పండ్లు లేని నోటితో, "గొంగడవ్వదయ్యా" అంది.

"యాడుంటాదామె?"

"ఈడే, మా మధ్యనే."

"శానా కష్టంలో ఉండాదా?"

"మూడు దినాల నుంచి గంజి గూడా లేదయ్యా."

పాస్టరుగారు మెత్తని మనసున్న మనిషి. వెంటనే సంఘం పుస్తకం తెప్పించి, విధవరాండ్ర జాబితా తీసి వేలుతో వరసలన్నీ చూశారు. "ఈమె పేరు లేదే. ఇన్నాళ్ళూ ఎవరూ రాయించలేదా?" అని మా ఇంటాయన మీద విసుక్కుని కలం తీశారు. మా ఇంటాయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. చివరికి నేనే నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆయన కలం మూత పెట్టారు. నన్ను పక్కకు పిలిచి, గొంతు పెంచకుండానే, "అమ్మా, దేవుని పిడికెడు పక్కన అబద్ధానికి పిడికెడు పెట్టించినావు" అన్నారు. "ఆ గింజలు ఈ విధవరాండ్రకే పంచెయ్. ఆమె కథ ముగించు. మంచి సాక్ష్యం చెప్పి ప్రభువులో నిద్రించినట్లు చెప్పు. మళ్ళీ నెల నేనొచ్చేసరికి ఆమె ఉండకూడదు."

ఆ మాట నన్ను కాల్చింది. చేతులతో చేసిన బొమ్మను కొలవకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. మరి నోటితో చేసిన దాని సంగతేమిటి? రెండు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించాను. అవ్వను చంపడానికే నిశ్చయించుకున్నాను.

ఆ వారమే ఇంకొక కబురు వచ్చింది. పత్తి ఏరుతూ ఉండగా ఎవరో ఆ తల్లితో అన్నారు.

"వదినా, మీవోడు పటాలం కూలికి పేరు రాపిచ్చినాడంట గదా. బస్రాకంట, యుద్ధం జరిగేకాడికి. అమాస పోయినాక పోతాడంట."

ఆమె తల ఎత్తలేదు. "పోతే పోనీ."

"సముద్రం మింద పోతాండాడమ్మా. పోయినోళ్ళంతా వస్తాండారా? ఒక్కసారి పోయి చూడరాదా?"

"గొంగడవ్వ కొడుకు మాత్రం పోలేదా? ఆయమ్మ పోయి చూసినపొద్దు నేనూ చూస్తా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అమావాస్యకు పదకొండు రోజులుంది. అవ్వ కొడుకును చూడకుండా చస్తే, ఈమె కూడా చూడదు. అంతే.

సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. క్షమాపణ గురించి నాకు తెలిసిన వాక్యాలన్నీ వినిపించాను. ఓపిగ్గా విన్నది. వాటిలో చాలా మటుకు ఆమెకూ నోటికి వచ్చు, నాతోపాటే పెదవులు కదిపింది. చివరికి అంది:

"అవన్నీ నిజమేనమ్మా. వాక్యంలో ఉండేవాళ్ళు శానా పెద్దోళ్ళు. వాళ్ళు క్షమిస్తారు. మిరపకాయలు దొంగలించినోళ్ళు ఎట్ల క్షమిస్తారో యాడన్నా రాసుంటే చెప్పు."

తిరిగి వచ్చాను.

మరునాడు మధ్యాహ్నం కథ మొదలుపెట్టాను. ముందు అవ్వను కొడుకు దగ్గరికి పంపుదాం, తరువాత పాస్టరుగారు చెప్పినట్టు నిద్రింపజేద్దాం అనుకున్నాను. అవ్వకు ఒక రాత్రి దర్శనం వచ్చిందన్నాను. మేలుకుని వెక్కి వెక్కి ఏడ్చి, తన గర్వాన్ని ఒప్పుకుని, పరుగున పోయి కొడుకును కౌగలించుకుందన్నాను. మాటలు బాగానే పేర్చాననుకున్నాను. తల ఎత్తి చూస్తే అందరూ నన్ను వింతగా చూస్తున్నారు.

"ఏమ్మా, ఈ పొద్దు అవ్వకు ఒళ్ళు బాగలేదా?" అంది ముసలామె.

"బాగానే ఉంది. ఎందుకు?"

"అట్ల ఏడ్చదు ఆయమ్మ. మొగుడు చచ్చినప్పుడే ఏడ్చలేదంటివి. పడిపోయిన గొర్రెను అడిగినట్లు వాణ్ణి అడిగిందంటివి, ఏంటికి లెయ్యవని."

"పరిగెత్తను గూడా పరిగెత్తదు" అంది ఇంకొకామె. "మోకాళ్ళు నొప్పులు గదా. పోయిన వారం నువ్వే చెప్తివి."

"దర్శనం వచ్చినా, 'పొద్దన్నే రాపో నాయనా, ఇప్పుడు నిద్రొస్తాండాది' అంటాది."

నాకు ఉక్రోషం వచ్చింది. ఒక వైపు పాస్టరుగారి ఆజ్ఞ, ఒక వైపు అమావాస్య. "చూడండమ్మా" అన్నాను. "గొంగడవ్వ లేదు. ఎప్పుడూ లేదు. మీరు నిద్రపోకుండా ఉండాలని నేను అల్లినాను. మీరు లేని మనిషికి గింజలు పెడుతున్నారు. అది పాపం, ఆ పాపం నాది."

ముసలామె ఒడిలోని పత్తిని పక్కన పెట్టింది.

"లేదని మాకు తెలీదా తల్లీ? గొంగడి కప్పుకున్న ముసల్ది ఈ చుట్టుపక్కల యాడా లేదని, పుట్టినప్పటి నుంచి ఈడే ఉండేటోళ్ళం, మాకు తెలీదా? లేనంతమాత్రాన ఆకలి కాకుండా పోతాదా?"

ఆ మాట గురించి ఆ తరువాత ముప్పై ఏండ్లుగా ఆలోచిస్తున్నాను. విగ్రహానికి, గొంగడవ్వకు తేడా ఎక్కడుందో కొంతవరకు తేలింది. విగ్రహం ముందు మనిషి చెయ్యి చాపి అడుగుతాడు. ఆ ఆడవాళ్ళు అవ్వను ఏమీ అడగలేదు. పెట్టారు. తమ కడుపుకే చాలని గింజల్లోంచి, తమ మాదిరే ఆకలైన దానికి ఒక పిడికెడు పెట్టారు. పాస్టరుగారు చెప్పినట్టు ఆ గింజలు విధవరాండ్రకు పంచినప్పుడు కూడా ఎవరూ కాదనలేదు. అవ్వ పెట్టిందని చెప్పి ఇవ్వమన్నారు, అంతే. మన ప్రభువు కూడా ఎప్పుడూ పుట్టని మనుషుల కథలు చెప్పాడు. వాళ్ళలో ఎక్కువ మందికి పేర్లు లేవు. బతికిన రాజుల పేర్లు మరిచిపోయిన జనం, ఆ పుట్టని మనుషులను మాత్రం మరవలేదు. బహుశా వాళ్ళ తప్పులు మన ఇంటి తప్పుల మాదిరి ఉండబట్టే. పెద్దవాళ్ళను చూసి తల వంచుతాం. మన మాదిరి వాళ్ళను చూస్తే, వీళ్ళు ఏం చేస్తారో చూద్దామని పక్కనే కూర్చుంటాం. అలా కూర్చోవడంలో అలసట ఉండదు.

ఇంకొకటి కూడా ఆ రోజే చూశాను. అవ్వను నేను మొదలుపెట్టానే గాని, అవ్వ నా చేతిలో లేదు. ఆమె ఏం చేస్తుందో, ఏం చేయదో ఆ పదిమందికి నాకంటే బాగా తెలుసు. నా అవసరానికి ఆమెను వంచబోతే వాళ్ళు ఒప్పుకోలేదు. సొంత చెల్లెలి మీద చాడీ చెప్పినట్టు చూశారు.

అందుకే ఆ మధ్యాహ్నం చేతులెత్తేశాను. "నాకు తెలీదమ్మా. అవ్వ కొడుకు దగ్గరికి పోతుందా, పోదా? మీరే చెప్పండి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట్లాడింది ఆ తల్లి. అంతవరకు కథలో ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

"పోతాది" అంది. "పొద్దన్నే లేస్తాది. మూట గీట ఏం కట్టుకోదు. వానికి ఇష్టమైనవి కట్టుకపోతే వాడు గెలిచినట్లు గదా. ఉత్త చేతుల్తో పోతాది. ఏటికాడికి పోతాది. నీళ్ళలో కాలు పెట్టదు. ఆ నీళ్ళలోనే గదా వాణ్ణి ముంచింది. ఈ గట్టునే కూచోని కేకేస్తాది. రాకుంటే ఇంకో కేకేస్తాది. మూడోది ఎయ్యదు."

నేను చెప్పిన కథలో అవ్వ కొడుకును ఎవరూ ముంచలేదు. కథలో ఏరే లేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"వాడొస్తే?" అంది ముసలామె మెల్లగా.

"తిడతాది."

"తిట్టినాక?"

ఆమె చేతిలోని పత్తిని అటూ ఇటూ తిప్పింది. ఏరడానికి అందులో ఏమీ లేదు.

"తిట్టినాక ఏం చేస్తాదో నాకు తెలీదత్తా. ఆడికి పోతే గదా తెలిసేది."

మరునాడు పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే వచ్చి నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"ఏటిదాకా రామ్మా. నాకు కేకేసేంత గొంతు లేదు. నువ్వెయ్యి."

ఎండాకాలం కాబట్టి కుందేరు సన్నగా పారుతోంది. నడిమి పాయలో మోకాలి లోతు నీళ్ళు, మిగతాదంతా ఇసుక. అవతలి గట్టు మీదే వాళ్ళ ఇండ్లు. ఆమె ఒక బండ మీద కూర్చుంది. నేను ఆ అబ్బాయి పేరు పెట్టి కేక వేశాను. ఎవరూ రాలేదు. ఆమె నా వైపు చూడకుండా ఒక వేలు ఎత్తింది. రెండో కేక వేశాను. సంఘంలో పాట ఎత్తుకునే గొంతు నాది. ఉన్న బలమంతా పెట్టాను.

ఒక ఇంట్లోంచి వాడు బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. తరువాత గట్టు దిగి, ఇసుకలో నడిచి, అవతల నీళ్ళ అంచు దగ్గర ఆగాడు. ఆగకుండా వస్తాడనుకున్నాను. రాలేదు. గడప తొక్కద్దన్న మాట మూడేండ్లు మోసిన మనిషి. ఆ నీళ్ళే గడప అన్నట్టు నిలబడ్డాడు.

"ఏంరా" అంది ఆమె, కూర్చున్న చోటు నుంచే. "సముద్రం మింద పోతాండావంట. ఒక మాట అడగల్లని తెలీదా?"

"అడిగితే తిడతావని."

"తిట్టేది నా పని. అడిగేది నీ పని. ఎవుని పని వాడు చేయల్ల."

"ఇప్పుడు అడుగుతాండా. పోదునా?"

"పేరు రాపిచ్చినాక అడిగితే ఏం చెప్తారు? గాడిదా. చిక్కిపోయినావు గూడా. ఆ ముంచేటోళ్ళు నీళ్ళు తప్ప ఏం పెట్టరా నీకు?"

వాడు నవ్వబోయి ఆపుకున్నాడు. "నీళ్ళ మాట నువ్వే ఎత్తితివి. నేనెత్తలేదు."

"ఎత్తుతా. ఏంటికెత్తను? నీ నొసటి మింద పడిన నాలుగు బొట్లు చాలక, దున్నపోతు మాదిరి మునిగి లేస్తివి గదా."

"అమ్మా, అది వేరే..."

"ఏం వేరే? ఆ నాలుగు బొట్లతోనే గదా నువ్వు బతికింది?"

వాడు తల దించుకుని, "అవును" అన్నాడు. అంత దూరానికి ఆ మాట నాకు సరిగా వినబడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను. ఆమెకు వినబడిందో లేదో. బండ మీద నుంచి లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. నేను చెయ్యి అందించబోతే వద్దని తోసేసింది. కోక కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. వాడు ఎదురు వచ్చేలోపే సగం పాయ దాటింది. అక్కడ కాలు జారితే వాడు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి ఆమె విడిపించుకోలేదు.

నేను ఇవతలి గట్టునే ఉండిపోయాను. వాళ్ళు ఇసుక దాటి అవతలి గట్టు ఎక్కుతున్నారు. తడిసిన కోక కాళ్ళకు చుట్టుకుంటుంటే ఆమె ఆగి ఆగి నడుస్తోంది, ఆగిన ప్రతిసారీ వాని వైపు తిరిగి వేలు చూపిస్తోంది. చిలకరించడమా, ముంచడమా అని వాదం మళ్ళీ మొదలైంది. గాలి ఇటు తిరిగినప్పుడు ముక్కలు ముక్కలుగా వినబడింది. వాడూ తగ్గలేదు, తనకు తెలిసిన వాక్యాలు వాడూ చెబుతున్నాడు. ఇంటి దగ్గరికి పోయేదాకా అలాగే పోయారు. కోడలు వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె వాదం ఆపకుండానే, కొడుకు భుజం మీద చెయ్యి వేసి గడప దాటింది.